సైకిలు దిగని నాయకుడు

పదవి రాగానే మనిషిలో ముందుగా మారేది ఏమిటో ఎప్పుడైనా గమనించారా? మాట కాదు, నడవడిక కూడా కాదు. వాహనం! వార్డు మెంబరుగా గెలిచిన మనిషి నెల తిరక్కుండా కొత్త మోటారు సైకిలెక్కుతాడు. ఎమ్మెల్యే అయితే ఇక చెప్పనక్కర్లేదు. ముందో కారు, వెనకో కారు, మధ్యలో ఆయనగారి నల్లద్దాల కారు. అలాంటిది దేశ రాజధానిలో పార్లమెంటు సభ్యుడిగా ఉంటూ, తన పార్టీ పక్షానికి నాయకుడిగా ఉంటూ, సభకి సైకిలు తొక్కుకుంటూ వెళ్లిన మనిషి ఒకాయన ఉన్నాడంటే, ఆయన మన తెలుగువాడేనంటే, ఇప్పటి పిల్లలు నమ్మడం కష్టమే. ఆయనే పుచ్చలపల్లి సుందరయ్య.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు వాళ్లకి ఈ పేరు కొత్త కాదు. తాతల నోట విన్నదే, సభల్లో ఫోటోలకి దండలు వేస్తుంటే చూసిందే. కానీ మనం విన్న కథల్లో పోరాటాలు, జైళ్లు, ఎన్నికలే ఎక్కువ. ఆడవాళ్ల కళ్లతో ఆ జీవితాన్ని చూస్తే మరికొన్ని సంగతులు కనిపిస్తాయి. చరిత్ర పుస్తకాలు ఒక్క వాక్యంతో దాటేసే విషయాలు మనకి చాలా పెద్దవి మరి.

భూస్వామి ఇంట పుట్టి...

1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టాడు సుందరయ్య. కలిగిన కుటుంబం. పొలాలు, పాలేర్లు, పెద్దరికం అన్నీ ఉన్న ఇల్లు. ఇంట్లో పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. ఊహ తెలిసీ తెలియని ఆరేళ్ల వయసులోనే తండ్రి పోయాడు. పెంపకం భారమంతా తల్లి శేషమ్మ మీద పడింది. మగదిక్కు లేని ఇంట్లో ఆస్తి నిలుపుకుంటూ పిల్లల్ని చదివించుకోవడం అంటే ఏమిటో మనలో చాలామందికి తెలిసిన సంగతే.

చదువు కోసం ఊళ్లు తిరిగి, చివరికి మద్రాసు లయోలా కాలేజీలో చేరాడు. 1930లో గాంధీగారి ఉప్పు సత్యాగ్రహం దేశాన్ని ఊపేస్తోంది. పదిహేడేళ్ల కుర్రాడు చదువు వదిలేసి ఉద్యమంలోకి దూకాడు. పట్టుకుని శిక్ష వేశారు. వయసు చిన్నది కాబట్టి పెద్దవాళ్ల జైల్లో కాకుండా బోర్‌స్టల్ స్కూల్లో పెట్టారు. కలెక్టరో, వకీలో అవుతాడనుకున్న కొడుకు జైలుపాలయ్యాడంటే ఆ తల్లి మనసు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

విడుదలై ఊరికొచ్చాక ఆ కుర్రాడు చేసిన పని ఇంకా కష్టమైంది. ఎక్కడో ఉన్న తెల్లదొరతో పోట్లాడటం ఒక ఎత్తు, సొంత ఊళ్లో సొంత వాళ్లతో పోట్లాడటం మరో ఎత్తు కదా! తన ఇంటివాళ్ల పొలాల్లో, బంధువుల పొలాల్లో పనిచేసే కూలీలనే కూడగట్టి సంఘం పెట్టాడు. వెట్టిచాకిరీని ఎదిరించాడు. అంటరానితనం పాటించనన్నాడు. పేరు చివరున్న కులం తోకని తీసేసి ఉత్త సుందరయ్యగా మిగిలాడు. తర్వాతి రోజుల్లో తన వాటా ఆస్తి అమ్మి పార్టీకే ఇచ్చేశాడు.

అమీర్ హైదర్ ఖాన్ అనే విప్లవకారుడి పరిచయంతో కమ్యూనిస్టు అయిన సుందరయ్య, ఇరవై రెండేళ్లు నిండేలోపే ఆంధ్రలో ఆ పార్టీకి పునాదులు వేసినవాళ్లలో ఒకడయ్యాడు. అంతటితో ఆగక కేరళ దాకా వెళ్లి, ఆ తర్వాత అక్కడ ముఖ్యమంత్రి అయిన నంబూద్రిపాద్ లాంటి వాళ్లని కూడా ఆ దారికి తెచ్చాడు. అప్పటి కార్యకర్తలకి జీపులా, కార్లా? ఉంటే సైకిలు, లేకపోతే కాళ్లు. ఊరూరూ తిరగడం, పెట్టింది తినడం, ఎవరి అరుగు మీదో పడుకోవడం. సుందరయ్యకి సాదా బతుకు అలవాటైంది అక్కడే.

లీల చేయి పట్టుకుని...

1943 ఫిబ్రవరిలో బొంబాయిలో సుందరయ్య పెళ్లి జరిగింది. వధువు లీల. ఆమె తెలుగమ్మాయి కాదు. కులం వేరు, భాష వేరు. ఇద్దర్నీ కలిపింది పార్టీ పని. మేళతాళాలు, కట్నకానుకలు లేని పెళ్లి అది.

పెళ్లి తర్వాత ఆ ఇద్దరూ తీసుకున్న నిర్ణయం గురించి మాత్రం కాస్త ఆగి ఆలోచించాలి. పిల్లలు వద్దనుకున్నారు. బతుకంతా ప్రజల పనికే ఇవ్వాలంటే సొంత పిల్లల బాధ్యత పెట్టుకోకూడదని వాళ్ల ఆలోచన. ఆ ఆలోచన సరైందా కాదా అనేది ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిన విషయం. పిల్లల్ని కంటూనే ఉద్యమాల్లో పనిచేసిన వాళ్లూ ఎందరో ఉన్నారు. నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఇంకొకటి. పిల్లలు వద్దనుకున్నాక ఆపరేషన్ చేయించుకున్నది సుందరయ్య!

కుటుంబ నియంత్రణ అన్న మాటే జనానికి ఇంకా అలవాటు కాని రోజులవి. మరి ఈనాటి మాటేమిటి? 2019 - 21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో పెళ్లయి కాన్పుల వయసులో ఉన్న ఆడవాళ్లలో నూటికి దాదాపు 38 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. భర్త చేయించుకున్నాడని చెప్పినవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు, వెయ్యికి ముగ్గురు! మగవాళ్లకి చేసే ఆపరేషన్ తేలికైందని, ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉండక్కర్లేదని డాక్టర్లు ఎన్నేళ్లుగానో చెబుతూనే ఉన్నారు. అయినా మూడో కాన్పో, రెండో కాన్పో కాగానే పచ్చి బాలింతని మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కిస్తున్నాం. మగాడు బరువులెత్తాలి, వాడికెందుకులే అనేది సాక్షాత్తూ అత్తగారే! నీళ్ల బిందెలు మోసేది, వరి నాట్లేసేది ఎవరో ఆ మాట అన్నప్పుడు గుర్తుకు రాదు. ఎనభై ఏళ్ల కిందట ఒక మనిషి చేసి చూపించిన పని మనిళ్లలో ఇంకా వింతగానే ఉండిపోయిందంటే ఏమనాలి?

మూసీకీ కృష్ణకీ నడుమ

సుందరయ్య పేరు మన వైపు ఇంతగా పాతుకుపోవడానికి కారణం తెలంగాణ రైతాంగ పోరాటం. అప్పటి ఈ ప్రాంతాన్ని ఒకసారి కళ్లముందుకు తెచ్చుకోండి. ఒకవైపు మూసీ, మరోవైపు నల్లమల కొండల్లోంచి మెలికలు తిరుగుతూ వచ్చే కృష్ణ. మిర్యాలగూడ కింద వాడపల్లి దగ్గర రెండూ కలుస్తాయి. నడుమ మెట్ట చేలు, తాటి తోపులు, బండి బాటలు. సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలు నిజాం రాజ్యం. ఆ రాజ్యం మధ్యలో మునగాల పరగణా మాత్రం ఓ ద్వీపంలా బ్రిటిషు వాళ్ల కృష్ణా జిల్లా కిందకి వచ్చేది. ఈనాడు సూర్యాపేటలో బస్సెక్కి కోదాడలో దిగేలోపు మునగాల ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందో గమనించం. ఆ రోజుల్లో అదే దారిలో రెండు ప్రభుత్వాల హద్దులు దాటాల్సి వచ్చేది. మునగాల పరగణా నల్గొండ జిల్లాలో కలిసింది 1959లోనే.

దొరల గడీల్లో వెట్టి, బాలింత అని కూడా చూడకుండా ఆడవాళ్ల చేత చాకిరీ, నోరెత్తితే కొరడా. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకికి బలయ్యాక ఊళ్లు భగ్గుమన్నాయి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన చేను దొరకి దక్కనివ్వనని నిలబడింది. రజాకార్ల దాడులప్పుడు ఎన్నో కుటుంబాలు హద్దు దాటి మద్రాసు రాష్ట్రపు ఊళ్లలో తలదాచుకున్నాయి.

ఈ పోరాటాన్ని నడిపిన నాయకుల్లో సుందరయ్య ఒకరు. 1948 నించి నాలుగేళ్లు ఆయన బతుకంతా రహస్యంగానే సాగింది. ఆ రోజుల్లో లీల ఎన్ని రాత్రులు చిన్న అలికిడికి ఉలిక్కిపడి లేచి కూచుందో ఎవరు లెక్కపెట్టారు? ఆ పోరాటం గురించి ఆయన 1972లో రాసిన పెద్ద పుస్తకంలో లెక్కలున్నాయి. సుమారు మూడు వేల ఊళ్లలో జనం తమ పాలన తామే చేసుకున్నారనీ, పది లక్షల ఎకరాలు పంచారనీ, నాలుగు వేల మంది ప్రాణాలు పోగొట్టుకున్నారనీ ఆయన లెక్క. 1948 సెప్టెంబరులో నిజాం లొంగిపోయినా, పోరాటం మాత్రం 1951 అక్టోబరు దాకా సాగింది. ఆ చివరి మూడేళ్లలో పోయిన ప్రాణాల గురించి, పోరాటం ఎప్పుడు ఆపి ఉండాల్సింది అన్నదాని గురించి ఈనాటికీ వాదనలున్నాయి.

ఆడవాళ్ల మాటేమిటి?

సూర్యాపేట ప్రాంతపు కరివిరాల కొత్తగూడెంలో భూస్వామి ఇంట పుట్టిన మల్లు స్వరాజ్యం ఆ రోజుల్లో దళ నాయకురాలు. ఇరవై ఏళ్లు నిండకముందే తుపాకి పట్టింది. ఆమెని పట్టిస్తే పది వేల రూపాయలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆమెలాంటి వాళ్లు, పేరైనా తెలియని వాళ్లు వందల మంది. అన్నం మూటలు మోసినవాళ్లు, చీటీలు చేరవేసినవాళ్లు, దళాల జాడ చెప్పమని పోలీసులు చిత్రహింసలు పెట్టినా నోరు విప్పనివాళ్లు. సుందరయ్య తన పుస్తకంలో ఆడవాళ్ల పాత్ర కోసం విడిగా ఒక అధ్యాయమే రాశారు.

అయితే ఆ ఆడవాళ్ల సొంత గొంతు వినడానికి 1986 దాకా ఆగాల్సి వచ్చింది. స్త్రీశక్తి సంఘటన వాళ్లు ఊరూరా తిరిగి, అప్పటి పోరాటంలో ఉన్న ఆడవాళ్లని కూచోబెట్టి మాట్లాడించి, మనకు తెలియని మన చరిత్ర అనే పుస్తకం తెచ్చారు. అది చదివితే గుండె కలుక్కుమంటుంది. అడవిలో బిడ్డ ఏడిస్తే దళం మొత్తం పట్టుబడుతుందని, కన్నబిడ్డని ఎవరి చేతుల్లోనో పెట్టేసిన తల్లులున్నారు. పోరాటం ఆగగానే ఇక ఇంటికి వెళ్లి సంసారాలు చూసుకోమంటే, ఎక్కడికి వెళ్లాలో తెలియక నిలబడిపోయిన ఆడవాళ్లున్నారు. తుపాకి పట్టినంతకాలం కామ్రేడు, తుపాకి దించగానే వంటింటి మనిషి!

సుందరయ్య గొప్పతనం చెప్పుకునేటప్పుడు ఈ సంగతి పక్కన పెట్టకూడదు. ఆయన తన ఇంట్లో పాటించింది ఉద్యమం అంతటా పాటించి ఉంటే, ఎందరో ఆడవాళ్ల బతుకు వేరేగా ఉండేదేమో. ఒక మంచి మనిషి ఉన్నంత మాత్రాన ఇంటి చుట్టూ ఉన్న గోడలు వాటంతట అవే కూలిపోవు. అయినా స్వరాజ్యం ఆగలేదు. 1978లో తుంగతుర్తి నించి ఎమ్మెల్యేగా గెలిచింది. అదే ఎన్నికల్లో గన్నవరం నించి సుందరయ్య గెలిచారు. తాము ఎదిరించిన రాజ్యం పోయిన ముప్పై ఏళ్లకి ఇద్దరూ ఒకే సభలో సభ్యులయ్యారు. స్వరాజ్యం 2022 మార్చిలో కన్నుమూసింది.

రోడ్డు మీద అందరిలో ఒకడు

1952లో సుందరయ్య రాజ్యసభకి ఎన్నికయ్యారు. నిన్నటి దాకా పోలీసులు వెతికిన మనిషి పార్లమెంటు మెట్లెక్కాడు. ఎలా వెళ్లాడనుకున్నారు? సైకిలు మీద! ఢిల్లీలో మంత్రుల కార్లు బారులు తీరే చోట తన సైకిలుకి స్టాండు వేసి లోపలికి నడిచిన తెలుగు సభ్యుడి గురించి అప్పట్లో దేశమంతా చెప్పుకున్నారు. 1955లో గన్నవరం నించి శాసనసభకి గెలిచాక ప్రతిపక్ష నాయకుడయ్యారు. అప్పుడూ ఆ అలవాటు పోలేదు. హైదరాబాదులోనూ సైకిలే.

ఇదంతా జనం మెప్పు కోసం చేసింది కాదా అని ఎవరికైనా అనుమానం రావచ్చు. మెప్పు కోసం చేసే పని ఒక్కరోజు చేస్తాం, ఫోటో పడగానే మానేస్తాం. దశాబ్దాల పాటు ఎండలో, వానలో చేసేది అలవాటే అవుతుంది గానీ నాటకం కాదు. సభ్యుడిగా వచ్చే జీతం పార్టీకి పోగా, పార్టీ ఇచ్చే కొద్ది డబ్బుతో భార్యాభర్తలు గడుపుకునేవాళ్లు. ఆ కొద్దిలో నెల గడపడం ఎంత కష్టమో సంసారం నడిపే మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. సుందరయ్య సైకిలు గురించి అందరూ రాశారు. ఆ ఇంట్లో ఉప్పూ పప్పూ లెక్క ఎలా తెగిందో ఎవరూ రాయలేదు. అందుకే ఆ సాదా జీవితంలో సగం లీలది అంటాను నేను.

1964లో పార్టీ చీలిపోయినప్పుడు మార్క్సిస్టు పార్టీకి ఆయన మొదటి ప్రధాన కార్యదర్శి అయ్యారు. మళ్లీ జైలు. మళ్లీ విడుదల. 1976లో పార్టీ నడకతో అభిప్రాయం కలవక ఆ పెద్ద పదవిని తనే వదులుకున్నారు. కుర్చీ కోసం కాళ్లావేళ్లా పడేవాళ్ల మధ్య, కుర్చీలోంచి లేచి వచ్చిన మనిషి. ఆ తర్వాత రాష్ట్రంలో మామూలుగా పనిచేసుకుంటూ 1978 నించి 1983 దాకా మళ్లీ శాసనసభలో ఉన్నారు. 1985 మే 19న మద్రాసులో కన్నుమూశారు. హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఆయన పేరు మీద వెలిసిందే. వెనక మిగిలిన మేడలూ లేవు, మిద్దెలూ లేవు.

కాలవ గట్టు మీద సైకిలు బాట

ఆయన తిరిగిన రోజులకీ ఇప్పటికీ మన ప్రాంతం పూర్తిగా మారిపోయింది. కొండల నడుమ నందికొండ దగ్గర కృష్ణకి ఆనకట్ట కట్టడానికి 1955 డిసెంబరులో పునాది రాయి పడింది. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలవలకి నీళ్లు వదిలారు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మెట్టలన్నీ ఎడమ కాలవ నీళ్లతో వరి మడులయ్యాయి. ఒకప్పుడు దళాలు చీకట్లో నడిచిన చోట ఇప్పుడు రైసు మిల్లులు, సిమెంటు ఫ్యాక్టరీలు.

హైదరాబాదు - విజయవాడ పెద్ద రోడ్డు మీద సైకిలు తొక్కడమంటే ప్రాణం మీదకి తెచ్చుకోవడమే. సిమెంటు లారీలు తిరిగే రోడ్లూ అంతే. కానీ కాలవ గట్ల వెంట బాటలున్నాయి, ఊరికీ ఊరికీ మధ్య చిన్న రోడ్లున్నాయి. రద్దీ తక్కువ. పొద్దున్నే బయల్దేరితే ఒకవైపు నీళ్లు, మరోవైపు పచ్చటి పొలాలు, మీద కొంగల బారు. సాగర్ వైపు పోతున్నకొద్దీ కొండలు దగ్గరకొస్తాయి, గాలి కూడా మారుతుంది. ఈ మధ్య పట్నం వాళ్లు ఖరీదైన సైకిళ్లు కొనుక్కుని ఇలాంటి దారులు వెతుక్కుంటూ వెళ్తున్నారు. మనకి గడప దాటితే ఉన్నది అదే!

ఆ దారుల మీద మన ఆడపిల్ల ఎక్కడ? ఏడో తరగతి దాకా సొంత ఊళ్లో చదువుతుంది. హైస్కూలు నాలుగు కిలోమీటర్ల అవతల. బస్సు టైముకి రాదు, ఆటో ఖర్చు భరించలేరు. అన్నకి సైకిలు కొంటారు, చెల్లిని బడి మాన్పిస్తారు. 2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకి సైకిలు ఇవ్వడం మొదలుపెడితే, హైస్కూలుకి వచ్చే ఆడపిల్లల సంఖ్య మూడో వంతు దాకా పెరిగిందని పరిశోధకులు లెక్కలు తీశారు. అంతకుముందే, 1991 - 92లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగినప్పుడు, కలెక్టరు షీలారాణి చుంకత్ ప్రోత్సాహంతో వేల మంది పల్లెటూరి ఆడవాళ్లు అక్షరాలతో పాటు సైకిలూ నేర్చుకున్నారు. క్వారీల్లో రాళ్లు కొట్టుకునే ఆడవాళ్లు మొదలు అంగన్‌వాడీ టీచర్ల దాకా! బస్సు కోసం, మొగుడి కోసం, తమ్ముడి కోసం ఎదురుచూసే పని తప్పింది. సంతకి వెళ్లి త్వరగా ఇల్లు చేరేవాళ్లు. వెక్కిరించినవాళ్లే తర్వాత తమ ఇంటి ఆడవాళ్లకి నేర్పించారు.

మీ ఊళ్లో కూడా ఇది చేయొచ్చు. నేర్పేటప్పుడు సీటు బాగా కిందకి దించండి, రెండు పాదాలూ నేలకి ఆనాలి. చున్నీ వెనక్కి తీసి నడుముకి కట్టమనండి, చక్రంలో చిక్కుకుంటే ప్రమాదం. కాలవ గట్టు మీదికి ఒంటరిగా పంపకండి. చాలాచోట్ల పక్కన గోడ ఉండదు, నీటి వడి ఎక్కువ. నలుగురు కలిసి, వెలుతురు ఉండగా వెళ్లి రావాలి. మలుపు తిరిగేటప్పుడు నీటివైపు కాకుండా పొలంవైపు ఉండమనండి. ముప్పై దాటాక ఇంకేం నేర్చుకుంటాం అనుకునే అమ్మలు కూడా సిగ్గుపడక్కర్లేదు. రెండు మూడు వారాలు పట్టుదలగా ఉంటే వచ్చేస్తుంది.

సుందరయ్య రాజకీయాలు మనకి నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. ఓటు ఎవరి ఇష్టం వాళ్లది. కానీ ఆయన చేసిన రెండు పనులకి మాత్రం పార్టీతో పనిలేదు. ఒకటి, పిల్లలు వద్దనుకున్నప్పుడు ఆ ఆపరేషన్ తను చేయించుకోవడం. రెండోది, పదవి వచ్చినా సైకిలు దిగకపోవడం. మొదటిది మన ఇంటి మగవాళ్లతో మాట్లాడాల్సిన సంగతి. రెండోది మన ఆడపిల్లలకి అందాల్సిన సంగతి. ఆయన సైకిలు ఎక్కింది హోదా వద్దని. మన పిల్ల సైకిలెక్కితే దానికి బడి దక్కుతుంది.